కాలువ పక్క పల్లె, వంద ఫ్రాంకుల నోటు

దక్షిణ ఫ్రాన్స్‌లో మిడి కాలువ పక్కన అర్జెలియే అనే చిన్న పల్లె ఉంది. 1907 మార్చి 11న అక్కడి ద్రాక్ష రైతులు 87 మంది నార్బొన్ పట్టణానికి కదిలారు. చక్కెర కలిపిన కల్తీ వైన్ వల్లే తమ సరుకుకు ధర లేదని వాళ్ల మొర. నకిలీ విత్తనాలు చూసిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా? జూన్ 9న మోంపెలియేలో ఐదు లక్షల పైన జనం చేరారు. సర్కారు సైన్యాన్ని దించింది, నార్బొన్‌లో కాల్పులకు ప్రాణాలు పోయాయి. చివరికి జూన్ 29న కల్తీని అరికట్టే చట్టం వచ్చింది.

ఈలోపు నాయకుడు మార్సెలిన్ అల్బేర్ ఒంటరిగా పారిస్ వెళ్లి ప్రధాని క్లెమెన్సోను కలిశాడు. తిరుగు రైలు ఖర్చుకు ఆయనిచ్చిన వంద ఫ్రాంకులు తీసుకున్నాడు. ప్రధాని ఆ సంగతి పత్రికలవాళ్ల చెవిన వేశాడు. అమ్ముడుపోయాడని సొంత జనమే తిట్టారు. అమ్ముడుపోయాడని మేం అనుకోవడం లేదు. కానీ చర్చలకు ఒక్కరే వెళ్లకూడదు, పోను రాను చార్జీ సంఘమే పెట్టుకోవాలి.

ఆ సెప్టెంబరులో రైతులు సంఘం కట్టారు. కల్తీని పట్టడానికి తర్వాత సొంత మనుషులనే పెట్టుకున్నారు.