సోలార్ ప్యానెల్‌కి బీట్‌రూట్ రసం పూస్తే?

మొన్న ఆదివారం కిషన్‌బాగ్‌లో మా డాబా ఎక్కితే, పక్కింటి ఇంటర్ పిల్లగాడు బీట్‌రూట్ రసం గ్లాసుతో నిలబడ్డాడు. ఎదురుగా నా సోలార్ లైట్!

"ఏం చేస్తున్నవ్ రా?"

"రీల్‌ల చూసిన అన్నా. మొక్కల రంగు పూస్తే కరెంట్ ఎక్కువ వస్తదంట."

గ్లాసు లాక్కున్నా. కానీ వాడు విన్నదాంట్లో సగం నిజమే. మిగతా సగం మీకూ చెప్తా.

మన డాబాల మీద ఉండేవి సిలికాన్ ప్యానెళ్లు. వాటికి రంగు పూస్తే వెలుతురు ఆగిపోయి కరెంట్ తగ్గుతుంది. రంగుతో నడిచే సెల్ వేరే. 1991లో ఓరీగన్, గ్రాట్జెల్ అనే శాస్త్రవేత్తలు దాని సత్తా చూపించారు. అందులో ఉండేది గోడల పెయింట్లలో వాడే తెల్ల పొడి, టైటానియం డయాక్సైడ్. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలనే పట్టుకుంటుంది, కంటికి కనిపించే వెలుగును వదిలేస్తుంది. పొడికి రంగు పట్టిస్తే, ఆ రంగు వెలుగును పీల్చుకుని ఎలక్ట్రాన్లను పొడిలోకి పంపుతుంది. పోయిన ఎలక్ట్రాన్లను అయోడిన్ ద్రావణం తిరిగి ఇస్తుంది.

మరి మొక్కల రంగు బలమెంత? 2007లో థాయ్‌లాండ్ పరిశోధకులు ఎర్ర గోంగూర రంగుతో 0.37 శాతం, శంఖుపుష్పంతో 0.05 శాతం సామర్థ్యం సాధించారు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. అందులో గోంగూర ఇచ్చేది నాలుగు వాట్ల లోపే! మంచి సిలికాన్ ప్యానెల్ 200 వాట్లు ఇస్తుంది. పైగా ఎండలో ఆరేసిన చీరలా మొక్కల రంగు వెలిసిపోతుంది.

అందుకే శాస్త్రవేత్తలు మొక్కను చూసి రంగును ల్యాబ్‌లో తయారుచేస్తున్నారు. పత్రహరితానికి చుట్టమైన పోర్ఫిరిన్ రంగుతో 2014లో 13 శాతం దాకా వచ్చింది. మన తార్నాకలోని ఐఐసీటీలోనూ ఇలాంటి రంగుల మీద పరిశోధన జరిగింది.

అంతా విని వాడు అడిగాడు: "అన్నా, మా ఇంట్ల ఎండే రాదు. పొద్దంతా ట్యూబ్‌లైటే. ఆడ పనిచేస్తదా?"

నేను చెప్పిన లెక్కలన్నిటికన్నా వాడి ప్రశ్నే గట్టిది. ఈ రంగు సెల్స్ అసలు బలం మసక వెలుతురులోనే. ఫ్యాన్ తిరగదు కానీ రిమోట్, చిన్న సెన్సార్ లాంటివి ట్యూబ్‌లైట్ వెలుగుతోనే నడవొచ్చు. ఎండ చొరబడని మా గల్లీ ఇళ్లకు అది చిన్న సంగతేం కాదు.

గ్లాసు వాడికే ఇచ్చేశా. "ఇది తాగు. గోంగూర సెల్ వచ్చే ఆదివారం చేద్దాం."