వేడినీటి బుగ్గలు – ఇంటి కాగు నీళ్ళు

లేపాక్షి బసవన్న ఎదుట నిలిచినవారికి నిప్పు గుర్తుకు రాదు. కానీ ఆ విగ్రహాన్ని మలచిన గ్రానైటు కూడా ఒకనాడు భూగర్భంలో కరిగి ఉన్న ద్రవమే. అది చల్లారి దాదాపు 250 కోట్ల సంవత్సరాలైంది. మన హిందూపురం, పెనుకొండ ప్రాంతాలలో బోరులో నీరు పడడమే భాగ్యం. ఇక వేడినీటి బుగ్గల మాటెక్కడిది!

తెలుగునాట ఆ వింత చూడదలచినవారు భద్రాచలం సమీపాన గోదావరి ఒడ్డునున్న గుండాలకు పోవాలి. అక్కడ ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. అగ్నిపర్వతమేమీ లేదు, లోతుకు ఇంకిన నీరే భూగర్భపు వేడికి కాగి, శిలల పగుళ్ళగుండా పైకి వస్తుంది. జపానులోని బెప్పు పట్టణంలో మాత్రం ఆ వేడి అగ్నిపర్వతాలదే. అచ్చటి కొన్ని కొలనులను ‘జిగోకు’, అనగా నరకం, అంటారు. దాదాపు 98 డిగ్రీల వేడితో ఉండే నీలికొలను చూడడానికే గాని దిగడానికి కాదు. స్నానపు తొట్లలో సాధారణంగా 40 నుండి 42 డిగ్రీలుంటుంది. ముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కొని, పిదప దిగుతారు, తల ముంచరు. వేడినీరు తల దిగువ శరీరానికి బలమనీ, తలపై పోసుకుంటే కన్నులకు, కేశాలకు హాని అనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పినది పాఠకులకు ఇక్కడ స్ఫురించక మానదు.

మా వీధిలోని ఒక పెద్దాయన కుమార్తె ఇంటికి జపాను వెళ్ళి, ఆ స్నానాలకు ముచ్చటపడి వచ్చారు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయట. ఇంట బకెట్టులో సలసల కాగిన నీళ్ళు పోసి, ఉప్పు కలిపి పాదాలుంచారు. ఆయనకు ఇరవై ఏళ్ళుగా మధుమేహం. పాదాలకు స్పర్శ లేదు. వేడి తెలియనేలేదు. మరునాడు బొబ్బలు కనిపించాయి. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

ఆ బుగ్గల గుణమంతా లవణాలదేనని నేను నమ్మను. ఉపశమనంలో అధికభాగం వేడిదీ, విశ్రాంతిదీ. నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకొని, మన కాగునీళ్ళతో స్నానం చేసినా కీళ్ళ బిగువు సడలుతుంది. అయితే భోజనం చేసిన వెంటనే వద్దు. తొట్టిలో పది నిమిషాలకు మించి కూర్చోరాదు. లేచేటప్పుడు నెమ్మదిగా లేవాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగనిదే అసలు దిగరాదు. మధుమేహుల స్నానానికి గోరువెచ్చని నీరు చాలును. దానిని కూడా ముందుగా ఇంట్లో మరొకరు మోచేయి ముంచి చూడవలెను.