చిన్న కేసే కదా!

వానలు మొహం చాటేసిన ఏడాది కొనకనమిట్ల, తర్లుపాడు ప్రాంతాల్లో వలసే బతుకుదెరువు. మార్కాపురం పలకల పనులు మునుపటిలా లేవు. హైదరాబాదు, బెంగుళూరులకు కూలికి పోయేవారు పోతారు; ధైర్యమున్నవారు వడ్డీకి అప్పు తెచ్చి గల్ఫు దారి పడతారు. అలా బయలుదేరిన ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఏజెంటుకు బయానా ఇచ్చాడు, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాడు. విచారణకు వచ్చిన కానిస్టేబులు రికార్డు తిరగేసి, ‘నీ మీద కేసుంది కదా’ అన్నాడు. ఎప్పుడో పీర్ల పండుగనాడు జరిగిన తోపులాటలో గుంపుతోపాటు ఇతని పేరూ రాసుకున్నారు. రెండు వాయిదాలకు వెళ్లి మానేశాడు. ఇంట్లో పెద్దలు ‘చిన్న కేసే కదా, అదే పోతుందిలే’ అన్నారు. అది పోలేదు. వారంటుగా మారి కూర్చుంది.

ఈ ‘చిన్న కేసే కదా’ అన్న మాట మన కుటుంబాలను ఎంత దెబ్బతీస్తున్నదో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాము.

విదేశాలకు వెళ్లడం పౌరుని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్వాతనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ చట్టంలోని 6వ సెక్షనును మనవారు సాధారణంగా తలకిందులుగా అర్థం చేసుకుంటారు. శిక్ష పడితే పాస్‌పోర్టు రాదనీ, కేసు నడుస్తుంటే ఫరవాలేదనీ అనుకుంటారు. వాస్తవం వేరు. నైతిక పతనంతో కూడిన నేరానికి గత 5 ఏళ్లలో కనీసం 2 ఏళ్ల జైలుశిక్ష పడితేనే నేరనిర్ధారణ పాస్‌పోర్టుకు అడ్డవుతుంది. అంటే పేకాటలో జరిమానా కట్టినవానికి పాస్‌పోర్టు నిరాకరించడానికి అది కారణం కాదు. కానీ క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉంటే, అది ఎంత చిన్నదైనా సరే, నిరాకరించే అధికారం చట్టమే ఇచ్చింది. ముగిసిన కేసు కంటే ముగియని కేసే ప్రమాదకరమైనదని దీని భావం. ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉండి, కోర్టు ఇంకా కేసును విచారణకు స్వీకరించకపోతే దానిని పెండింగు కేసుగా లెక్కించరాదని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియక స్టేషను గడప దగ్గరే వెనుదిరిగేవారి విషయంలో పోలీసులకూ బాధ్యత ఉంది.

పెండింగు కేసు ఉన్నంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. 1993 ఆగస్టు 25 నాటి ప్రకటన ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు విదేశీ ప్రయాణానికి అనుమతి ఇస్తే పాస్‌పోర్టు పొందవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కోర్టు ఉత్తర్వులో గడువు రాయకపోతే పాస్‌పోర్టు ఒక్క ఏడాదికే ఇస్తారు. చాలా దేశాలు వీసాకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. రెండేళ్ల ఒప్పందం మీద పనికి పోయేవానికి ఏడాది పాస్‌పోర్టు ఏ మూలకు? హజ్‌కు సంకల్పించిన పెద్దలకు సైతం ఇదే చిక్కు. కనుక పిటిషను వేసేటప్పుడే ఎన్నేళ్లకు అనుమతి కావాలో అడిగి, ఉత్తర్వులో రాయించమని న్యాయవాదికి గట్టిగా చెప్పాలి.

ఇక ముగిసిన కేసుల సంగతి. ‘ఒప్పేసుకో, ఫైను కట్టేసి ఇంటికి పోదాం’ అనే సలహా కోర్టు ఆవరణల్లో ఉచితంగా దొరుకుతుంది. ఒప్పుకోవడమంటే నేరం రుజువైనట్టే. పాస్‌పోర్టుకు అది అడ్డు కాకపోవచ్చు. వీసా దగ్గర అలా కాదు. కువైట్ పని వీసాకు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ కావాలి. సౌదీ అరేబియా 2022 నవంబరులో భారతీయులకు ఆ నిబంధన ఎత్తివేసింది గాని, అటువంటి నియమాలు వస్తూ పోతూ ఉంటాయి. అమెరికా వీసా ఫారమైతే ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతుంది, క్షమాభిక్ష లభించినా సరే చెప్పమంటుంది. దాచడమే ఇక్కడ అసలు ముప్పు. కొన్ని చిన్న నేరాలకు అమెరికా చట్టంలో మినహాయింపు ఉంది. అబద్ధం చెప్పి దొరికినవానికి మాత్రం ఆ దేశ ప్రవేశం జీవితకాలం నిషిద్ధం కావచ్చు. మన పాస్‌పోర్టు దరఖాస్తులో అబద్ధం రాసినా 2 ఏళ్ల దాకా జైలుశిక్షకు అవకాశముంది. ‘లేదు అని టిక్కు పెట్టెయ్’ అనే ఏజెంటు ఆ జైలుకు మనతో రాడు.

ఒప్పుకోవడం ఒక్కటే మార్గం కూడా కాదు. చిన్నపాటి గాయం, దూషణ వంటి కేసుల్లో ఇరుపక్షాలూ రాజీపడితే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. రాజీకి వీలులేనిచోట 1958 నాటి ప్రొబేషను చట్టం కింద మందలింపుతోనో, మంచి నడవడిక పూచీతోనో విడుదల చేయమని కోరవచ్చు. అలా విడుదలైనవారికి నేరనిర్ధారణ వల్ల కలిగే అనర్హత వర్తించదని ఆ చట్టమే చెబుతున్నది. జరిమానా కట్టి వచ్చిన మన పిల్లల్లో ఎందరికి ఈ మాట ఎవరైనా చెప్పారు?

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయం మరీ ముఖ్యం. బాల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షను ప్రకారం, ముగిసిన కేసులో పిల్లల రికార్డును పోలీసులు నడవడిక ధ్రువపత్రం కోసం వెల్లడించరాదు. పదహారేళ్ల వయసులో చేసిన పొరపాటు ఇరవై అయిదేళ్లకు విచారణ కాగితంలో కనబడితే అది చట్ట ఉల్లంఘన. దానిని అక్కడికక్కడే ప్రశ్నించాలి.

పోలీసులు గుంపు తగాదాల్లో అందిన పేరల్లా రాసుకోవడం మానాలని మేము కోరుతున్నాము. అయితే వాయిదాలకు పోకపోవడం, సమన్లు అందుకోకుండా తప్పించుకోవడం మనలోని లోపం. దానిని మరొకరి మీద నెట్టలేము. మస్జిద్ కమిటీలు, జమాఅత్ పెద్దలు తమ మహల్లాలో ఎవరి మీద ఏ కేసు ఉందో, ఏ కోర్టులో ఉందో గుట్టుగా కనుక్కోవాలి. రాజీకి వీలున్నవాటిని వచ్చే జాతీయ లోక్ అదాలత్‌కు పంపించమని మార్కాపురం, గిద్దలూరు, పొదిలి కోర్టుల్లో దరఖాస్తు పెట్టించాలి. వకీలుకు డబ్బు లేనివారు న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోను చేయవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఇవన్నీ ఏజెంటు చేతిలో బయానా పెట్టకముందే జరగాలి.