కొత్త చొక్కాకూ ఒక చట్టం

కొత్త బట్టలు కట్టుకుంటే మనసు ఉల్లాసపడుతుంది. దసరా నాడు ఏ పిల్లవాడి ముఖం చూసినా ఈ సంగతి తెలుస్తుంది. అయితే ఈ దేశంలో కొందరు కొత్త బట్టలు కడితే మరికొందరికి కంటగింపు. ఆ కంటగింపు ఎంత పాతదంటే, చివరికి పార్లమెంటు దాన్ని నేరంగా చట్టంలో రాయవలసి వచ్చింది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న అమలులోకి వచ్చింది. మూడో సెక్షన్‌లోని నేరాల జాబితాలో, దళితులు, ఆదివాసులు బహిరంగ ప్రదేశాల్లో సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు తొడుక్కోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం కూడా ఉంది. గణతంత్రం ఏర్పడిన 66 ఏళ్లకు, సరిగ్గా అదే తేదీన, కొత్త చొక్కాకు చట్టం కాపలా కాయడం మొదలుపెట్టింది. జరగని నేరాన్ని ఊహించి చట్టసభ ఇలాంటి వాక్యం రాయదు. 2023లో గుజరాత్‌లోని బనాస్‌కాంఠా జిల్లాలో మంచి బట్టలు, నల్ల కళ్లద్దాలు వేసుకున్నాడన్న కక్షతో ఒక దళిత యువకుడిని కొట్టారని కేసు నమోదైంది.

ఈ చట్టానికీ ఆ చొక్కాకూ మన నగరం ఉత్తరపు అంచున ఒక విచిత్రమైన ఇరుగుపొరుగు ఉంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. రేపటి న్యాయవాదులు, న్యాయమూర్తులు అక్కడ చదువుతున్నారు. మేడ్చల్ దగ్గర గుండ్లపోచంపల్లిలో దుస్తుల ఎగుమతి కోసం ఏర్పాటైన అప్పారెల్ పార్క్ ఉంది. అక్కడ మిషన్ల ముందు కూర్చునేవారిలో ఎక్కువమంది స్త్రీలు. ఒకచోట చట్టం చదువుతారు, మరోచోట బట్ట కుడతారు. మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కానీ బట్టను తయారుచేసే చేతికీ, దాన్ని దర్జాగా తొడుక్కునే ఒంటికీ మధ్య కులం వేసిన దూరం శతాబ్దాలది.

మన ఊళ్ల చరిత్రే దీనికి సాక్ష్యం. తోలును చెప్పుగా మలిచినవారు మాదిగలు. ఆ చెప్పులు తొడుక్కుని దొర గడీ ముందు నుంచి నడిచే హక్కు వారికి లేదు, చేతబట్టుకుని నడవాలి. ముతక బట్ట నేసినవారిలో మాలలు ఉన్నారు. భుజం మీది తువ్వాల దొర కనబడగానే నడుముకు చేరాలి. ఊరందరి మైల ఉతికిన చాకలి, వెలివాడ బట్టలు ముట్టకూడదన్నది కట్టుబాటు. చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. అంటే ఎవరు ఏం కట్టాలన్నది పేదరికం ఒక్కటే తేల్చిన సంగతి కాదు. చూడగానే కులం తెలియాలి, తెలిసినవాడు తలవంచాలి. బట్టకు అప్పగించిన పని అది.

అందుకే కుల వ్యతిరేక పోరాటాలన్నిటా బట్ట ఉంది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859లో రాజు అనుమతి ఇచ్చాడు. అయితే పై కులాల స్త్రీలలాగా మాత్రం కప్పుకోకూడదని మెలిక పెట్టాడు. బట్ట ఇవ్వడానికి సిద్ధపడిన రాజ్యం సమానత్వం ఇవ్వడానికి సిద్ధపడలేదు. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టించే కట్టును, నగలను వదిలేయమన్నారు. అలంకారం గురించి ఇచ్చిన సలహా కాదది. ఒంటి మీద కులం వేసిన ముద్రను చెరిపివేయమన్న పిలుపు.

బట్టకూ మనసుకూ ఉన్న సంబంధాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలూ పరీక్షించారు. హాజో ఆడమ్, ఆడమ్ గలిన్‌స్కీ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, వైద్యుల కోటు అని చెప్పి తొడిగితే ఏకాగ్రత పెరిగింది, అదే కోటును చిత్రకారుల కోటు అంటే పెరగలేదు. ఆ ప్రయోగాల్లో ఒకదాన్ని తర్వాత మరికొందరు తిరిగి చేసినప్పుడు అదే ఫలితం రాలేదు కనుక దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. కానీ అది లేవనెత్తిన ప్రశ్న మనకు పనికొస్తుంది. ఉత్సాహం నూలులో ఉందా, ఆ నూలుకు సమాజం ఇచ్చిన అర్థంలో ఉందా? అర్థంలోనే ఉందని ఈ గడ్డ మీద పుట్టిన ప్రతి దళితుడికీ ఏ ప్రయోగమూ లేకుండానే తెలుసు.

1921లో గాంధీ మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టారు. అంబేడ్కర్ సూటు తొడిగారు. ఉన్నవాడు విడిచిపెడితే త్యాగమైంది, నిషేధించబడ్డవాడు తొడుక్కుంటే తిరుగుబాటైంది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం నుంచి పల్లె కూడళ్లలోని చిన్న విగ్రహాల దాకా ఆయన కోటుతోనే నిలబడి ఉంటారు. ఆ కోటును చూసి వెలివాడ పిల్లవాడు వెన్ను నిటారుగా నిలుపుకుంటాడు.

భూమి ప్రశ్న ఉండగా బట్టల గొడవ ఎందుకని ఉద్యమ మిత్రులు అడుగుతారు. శామీర్‌పేట చుట్టూ పొలాలు గేటెడ్ కాలనీలుగా, రిసార్టులుగా మారుతుంటే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇస్త్రీ చొక్కా ఎకరం భూమికి బదులు కాదు. కానీ ఆధిపత్య కులాలు ఈ రెంటినీ ఎన్నడూ వేరుగా చూడలేదు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైనది 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యలకు దారితీసింది. తగిలింది కాలే కావచ్చు, ఓర్వలేకపోయింది మాత్రం చదువుకున్న దళిత యువకుల తలెత్తిన తీరును. బ్రాండు చొక్కా కొంటే కులం పోతుందని నమ్మించే బజారు మాటనూ నమ్మనక్కరలేదు. కొట్టేవాడు చొక్కా ధర చూసి ఆగడు.

విశ్వవిద్యాలయంలో ఈ వివక్షకు నాజూకైన రూపం ఉంది. మొదటి తరం దళిత విద్యార్థి మడత నలగని చొక్కాతో క్లాసుకు వస్తాడు. అతని సహపాఠి వెలిసిన టీషర్టుతో, రబ్బరు చెప్పులతో వస్తాడు. రెండోవాడి నిర్లక్ష్యాన్ని మేధావి లక్షణమంటారు. మొదటివాడు అలా వస్తే కులం గుర్తుచేస్తారు. చక్కగా వచ్చినవాడితో ‘నువ్వు ఎస్సీలా కనిపించవు’ అని మెచ్చుకోలుగా అనేవాళ్లను నేను చూశాను. ఆ మాట విన్న పిల్లవాడి ముఖంలో అంతదాకా ఉన్న కళ ఆరిపోవడమూ చూశాను. ఇష్టంతో తొడుక్కున్న చొక్కా ఒక్క క్షణంలో రుజువు పత్రం అయిపోతుంది. కాబట్టి మనం అడగవలసింది మంచి బట్టలు కట్టే హక్కు ఒక్కటే కాదు. నలిగిన బట్టలు కట్టినా గౌరవం తగ్గని స్థితి కూడా.

అది రావడానికి సమయం పడుతుంది. ఈలోగా చేయగల పని ఒకటుంది. బట్టల మీద, చెప్పుల మీద, పెళ్లి ఊరేగింపు మీద జరిగే దాడులను ‘చిన్న తగాదా’గా రాజీకి తెచ్చే పద్ధతి పోవాలి. ఫిర్యాదులో ఆ కారణం స్పష్టంగా నమోదు కావాలి. అందుకు ముందు అలాంటి సెక్షన్ ఒకటి ఉందని బాధితుడికి తెలియాలి. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు నెలకొక ఆదివారం మేడ్చల్, శామీర్‌పేట మండలాల వాడల్లో కూర్చుని ఆ నాలుగు పంక్తులను తెలుగులో చదివి వినిపించవచ్చు. మొదటి ఆదివారం గుండ్లపోచంపల్లి కుట్టుమిషన్ల నుంచి ఇంటికి వచ్చే స్త్రీల వాడలో మొదలుపెడితే బాగుంటుంది.