పాలు నిలిస్తే జ్వరం, లేస్తే మెమో

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెల నుంచి తెల్లవారకముందే బస్సెక్కి మిల్లులకూ గార్మెంట్లకూ పోయే మన చెల్లెళ్ళను అడగండి. ఇంట్లో ఏడు నెలల బిడ్డ. బస్సు, షిఫ్టు, మళ్ళీ బస్సు కలిపితే పది పన్నెండు గంటలు. అంతసేపూ పాలు నిలిచిపోతాయి. రొమ్ము గట్టిపడి, ఎర్రబడి, రవిక తగిలినా మండుతుంది. సాయంత్రానికి చలిజ్వరం. మందుల షాపులో రెండు మాత్రలు కొని మింగి మర్నాడు మళ్ళీ మిషను ముందు కూర్చుంటుంది. అసలు కారణం అలాగే ఉంది గనుక వాపు మళ్ళీ వస్తుంది. కొందరికి చీము పట్టి కోత దాకా పోతుంది. ఇది ఆడవాళ్ళ సొంత గొడవట! షిఫ్టు తెచ్చిన జబ్బు సొంత గొడవ ఎట్లా అవుతుంది?

పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండు అరగంటలు ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ఒడంబడిక చేసింది. మన 1961 ప్రసూతి చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా, భోజన విరామం కాక మరి రెండు విరామాలిచ్చింది. వాటికి కూలి కోయరాదని కూడా రాసింది. 2017 సవరణతో 50 మంది పనిచేసే చోట శిశుగృహం, రోజుకు 4 సార్లు బిడ్డ దగ్గరికి వెళ్ళే హక్కు వచ్చాయి. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా వీటిని తీసెయ్యలేదు.

‘శిశుగృహం పెట్టాం, ఎవరూ బిడ్డను తేవడం లేదే’ అంటుంది యాజమాన్యం. చంటిబిడ్డను చంకనేసుకొని చీకట్లో కిక్కిరిసిన బస్సులో రమ్మంటారా? బిడ్డ ఊళ్ళో అవ్వ దగ్గరుంటే ఆ విరామంలో తల్లి ఏం చెయ్యాలి? అందుకే తలుపు గడియ పడే ఒక గది, చేతులు కడుక్కునే నీళ్ళు, పిండిన పాలు దాచేందుకు ఒక చిన్న ఫ్రిజ్ కావాలంటున్నాం. ఫ్రిజ్‌లో తల్లిపాలు నాలుగు రోజులు నిలుస్తాయి. మేనేజర్ల కూల్‌డ్రింకులకు ఫ్రిజ్ ఉన్నప్పుడు దీనికెందుకు లేదు?

ఇంట్లో పెద్దమ్మలకూ ఒక మాట, కోప్పడకండి. వాచిన రొమ్మును గట్టిగా పిసికితే వాపు పెరుగుతుంది. చల్లని తడిగుడ్డ వెయ్యండి. పాలు విషమయ్యాయని బిడ్డను విడిపించకండి, ఆ పాలు బిడ్డకు చేటు కాదు. ఒక రోజులో జ్వరం దిగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, రాసిన మందు చివరిదాకా వాడించండి.

మగ కార్మికులూ వినాలి. ఆమె పావుగంట లేస్తే ‘లైను ఆగింది’ అని మొదట అరుస్తున్నది మనవాళ్ళే. ఈ నెల నుంచి ఆ పావుగంట పక్క మిషనువాళ్ళు చూసుకోవాలి. అందుకు మెమో ఇస్తే ఆ కాగితం యూనియన్ ఆఫీసుకు తెచ్చివ్వండి.