అయిదు గజాలు పారేసి నాలుగు సెకన్లు కొట్టేయడం

అమెరికన్ ఫుట్‌బాల్ చూసే మన ఐటీ జనాల్లో ఓ జబ్బు ఉంది. ఎవడైనా రూల్‌బుక్కులో సందు కనిపెట్టి, కావాలని తప్పు చేసి, దాంతో మ్యాచ్ గెలిస్తే చాలు... "ఏం బుర్ర గురూ!" అని చప్పట్లు కొట్టేస్తారు. పొద్దున్నుంచీ బగ్గులతోనే కాపురం చేసేవాళ్ళం కదా, సందు కనిపిస్తే ముచ్చటేస్తుంది కాబోలు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను, పూర్తిగా చదివాక తిట్టండి :)

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక్కో జట్టుకి మైదానంలో పదకొండు మంది. బంతి ఉన్నవాళ్ళు గజం గజం ముందుకి జరుగుతుంటారు, అవతలివాళ్ళు (డిఫెన్స్ అన్నమాట) ఆపుతుంటారు. డిఫెన్స్ తప్పు చేస్తే శిక్ష గజాల్లో ఉంటుంది - అయిదో, పదో, పదిహేనో. కానీ ఆ తప్పు జరుగుతున్నంతసేపూ గడియారం తిరుగుతూనే ఉంటుంది. అలా కరిగిపోయిన సెకన్లు మామూలుగా తిరిగి రావు. గొడవంతా ఇక్కడే ఉంది.

2024 అక్టోబర్ 12న యూజీన్‌లో ఒరెగాన్, ఒహాయో స్టేట్ ఆడాయి. ఒరెగాన్ 32-31తో ముందుంది. ఇంకా పది సెకన్లుంది. బంతి ఒహాయో స్టేట్ చేతిలో, ఒరెగాన్ వైపు 43 గజాల గీత దగ్గర. ఇంకాస్త ముందుకొస్తే ఫీల్డ్ గోల్ కొట్టి గెలిచేయొచ్చు. అప్పుడు ఒరెగాన్ టైమవుట్ తీసుకుని, తీరా మళ్ళీ దిగేటప్పుడు పన్నెండు మందితో దిగింది. ఒక మనిషి ఎక్కువున్నాడంటే పాస్ అందుకునేవాడి మీద ఒక కాపలా ఎక్కువున్నట్టే. పాస్ అందలేదు. రిఫరీలు జెండా వేసి అయిదు గజాలిచ్చారు. కానీ గడియారంలో మిగిలింది ఆరు సెకన్లు. తర్వాతి ఆటలో ఒహాయో క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తి జారేలోపే టైమ్ అయిపోయింది. ఇలాంటి సందర్భాలకి ముందే సాధన చేశామన్న అర్థమొచ్చేట్టు ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ ఆ తర్వాత నవ్వుతూ చెప్పాడు కూడా.

ఆ వారమంతా ఆయన మేధావి. సరే, తెలివైనవాడే, కాదనను. కానీ ఆ తెలివికి డబ్బు కట్టింది ఎవరు? అవతలివైపు పందొమ్మిదీ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు. వాళ్ళకి న్యాయంగా ఉండాల్సిన పది సెకన్లలో నాలుగు పోయాయి. బదులుగా వచ్చినవి అయిదు గజాలు. జేబులోంచి వెయ్యి రూపాయలు కొట్టేసినవాడు దొరికిపోయాక "ఇదిగో రెండు కొబ్బరికాయలు, చెల్లుకి చెల్లు" అన్నట్టుంది.

"మరి రూల్స్ ఒప్పుకున్నాయి కదా" అంటారు. అయ్యా, ఒప్పుకోలేదు. రూల్‌బుక్కు దాన్ని తప్పు అనే రాసుకుంది. తప్పుకి శిక్ష ఉన్నంత మాత్రాన ఆ శిక్ష టికెట్ ధర అయిపోదు. కాకపోతే శిక్ష చవగ్గా ఉంటే మనుషులు దాన్ని ధరగానే చూస్తారన్నది నిజం. ఇజ్రాయెల్ డే కేర్ సెంటర్ల మీద గ్నీజీ, రుస్టికిని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో వేసిన పేపర్ చాలామందికి తెలిసే ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి చిన్న జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. "డబ్బు కడుతున్నాంగా" అనే ధీమా.

మనకి ఇదేం కొత్త కాదు. ఎస్ఎల్ఏ పెనాల్టీని ముందే బడ్జెట్‌లో ఒక లైన్‌గా వేసుకుని, "లేటైతే ఇంతేగా పోయేది" అనుకునే ప్రాజెక్టులు చూడనివాళ్ళు మనలో ఎంతమంది? క్లయింటుకి పోయింది మూడు నెలలు, వచ్చింది బిల్లులో కాస్త తగ్గింపు. అందుకే మనవాళ్ళకి ఆ పన్నెండో మనిషి అంత ముద్దొచ్చాడని నా అనుమానం!

ఇక నా అసలు కోపం కోచ్‌ల మీద కంటే రూల్స్ రాసే పెద్దల మీద. ఎందుకంటే ఈ బగ్ 2024లో పుట్టలేదు. 2012 ఫిబ్రవరి 5న జరిగిన సూపర్ బౌల్‌లో, చివరి 17 సెకన్లప్పుడు న్యూయార్క్ జెయింట్స్ పన్నెండు మందితో ఆడారు. కావాలనే ఆడారో, పొరపాటో వదిలేయండి. పేట్రియట్స్‌కి అయిదు గజాలొచ్చాయి, ఎనిమిది సెకన్లు పోయాయి, జెయింట్స్ 21-17తో గెలిచారు. ఆ ఏడాదే ఎన్ఎఫ్ఎల్ రూల్ మార్చింది: బంతి కదిలే సమయానికి డిఫెన్స్‌లో పన్నెండు మంది కనిపిస్తే వెంటనే విజిల్ ఊదెయ్యాలి, ఆట సాగదు, కాబట్టి గడియారమూ కదలదు. చక్కటి ప్యాచ్. మరి కాలేజీ ఫుట్‌బాల్ పెద్దలు ఏం చేస్తున్నట్టు? పక్క టీమ్ ప్రొడక్షన్‌లో, అదీ దేశమంతా చూస్తుండగా, బయటపడిన బగ్ పన్నెండేళ్ళ తర్వాత వీళ్ళ సిస్టమ్‌లో అలాగే ఉంది. ఒరెగాన్ మ్యాచ్ అయిన నాలుగు రోజులకి, అక్టోబర్ 16న, హడావిడిగా ఒక వివరణ ఇచ్చారు: చివరి రెండు నిమిషాల్లో పన్నెండు మందితో ఆడితే అయిదు గజాలతో పాటు, నష్టపోయిన జట్టు కోరితే గడియారం వెనక్కి తిప్పుతాం అని. నాలుగు రోజుల్లో అయ్యే పనికి పన్నెండేళ్ళు!

ఎన్ఎఫ్ఎల్ మాత్రం తక్కువ తిందా? 2016 నవంబర్ 27న బాల్టిమోర్ జట్టు 19-12తో ముందుంది, పదకొండు సెకన్లుంది. ఇక్కడ బంతి వాళ్ళ దగ్గరే, కాపాడుకోవాల్సింది ఆధిక్యం. పంటర్ శామ్ కోచ్ తమ ఎండ్‌జోన్‌లోనే బంతి పట్టుకుని తిరుగుతుంటే, మిగతావాళ్ళు సిన్సినాటి ఆటగాళ్ళని బాహాటంగా పట్టేసుకున్నారు. టైమ్ అయిపోయింది. రెండు పాయింట్లు పోతే పోయాయి, 19-14తో గెలిచారు. అదే సీజన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో డిఫెన్స్ కూడా న్యూ ఓర్లీన్స్ మీద మొదటి సగం చివర్లో రిసీవర్లని కావాలని పట్టుకుంది. 2017లో ఇంకో ప్యాచ్ వచ్చింది: గడియారంతో ఆడుకోవడానికి ఒకే ప్లేలో చాలా తప్పులు చేస్తే పదిహేను గజాలు, పైగా గడియారం వెనక్కి. బాగుంది... కానీ "చాలా" అంటే ఎన్ని? "ఆడుకోవడానికి" అని రిఫరీ ఎలా తేలుస్తాడు? సందు పూడ్చలేదు, చిన్నది చేశారంతే.

తమాషా ఏమిటంటే, డిఫెన్స్ తప్పుతో ఆట ముగియకూడదన్న సూత్రం రెండు చోట్లా ముందునుంచీ ఉంది. గడియారం సున్నాకొచ్చినా, ఆ పెనాల్టీని తీసుకుంటే ఇంకో ప్లే ఇస్తారు. అంటే సమయం సున్నా అయితే న్యాయం, ఒక్క సెకను మిగిలితే మాత్రం అన్యాయం. కండిషన్‌లో ఇలా సున్నాని మాత్రమే చెక్ చేసే కోడ్ ఎవడైనా ఫ్రెషర్ రాస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం కదా?

నేనడిగేది ఒక్కటే. దొంగిలించింది సమయమైతే తిరిగిచ్చేది కూడా సమయమే అవ్వాలి. ప్రతి సగంలో చివరి రెండు నిమిషాల్లో డిఫెన్స్ ఏ తప్పు చేసినా, గజాలతో పాటు గడియారాన్ని ప్లే మొదలైన క్షణానికి తిప్పమని అడిగే హక్కు నష్టపోయిన జట్టుకి ఇవ్వాలి. పన్నెండో మనిషికొక రూలు, పట్టుకోవడానికొక రూలు అక్కర్లేదు. మనసులో ఏముందో రిఫరీ తవ్వక్కర్లేదు. "పాపం, నిజంగా పొరపాటు చేసినవాడో?" అంటారా. సెకన్లు తిరిగివ్వడం శిక్ష కాదండీ, అప్పు తీర్చడం. పొరపాటున పట్టుకెళ్ళినా పక్కింటివాడి గొడుగు తిరిగివ్వాల్సిందేగా?

క్రికెట్ ఈ పాఠం కొంత నేర్చుకుంది. ఓవర్లు నెమ్మదిగా వేస్తే మ్యాచ్ ఫీజులో కోత అంటే జట్లు లెక్కచేయలేదు. 2022 జనవరి నుంచి అంతర్జాతీయ టీ20ల్లో టైమ్ దాటిపోతే, మిగిలిన ఓవర్లకి సర్కిల్ బయట ఒక ఫీల్డర్ తగ్గుతాడు. శిక్ష బ్యాంకులోంచి మైదానంలోకి వచ్చింది. అప్పుడు పరిగెత్తడం మొదలెట్టారు.

"చివరికి ఏమైంది, 2025 జనవరి 1న రోజ్ బౌల్‌లో ఒహాయో స్టేట్ 41-21తో పగ తీర్చుకుని, ఆపైన ఛాంపియన్ కూడా అయిందిగా" అని ఒకాయన వాదన. అయితే? దొంగతనం జరిగిన ఇంటాయనకి తర్వాత లాటరీ తగిలితే దొంగ మంచివాడైపోతాడా? అప్పుడు పోయిన నాలుగు సెకన్లూ పోయినవే. ఈసారి ఇలాంటి మ్యాచ్ చూసినప్పుడు చప్పట్లు కొట్టేముందు, ఆ టైమ్ ఎవరి జేబులోంచి పోయిందో ఒక్కసారి లెక్కేయండి.

ఏమంటారు? తిట్లు కూడా స్వీకరించబడును.