దివాణము - విద్యాలయము

గోదావరి తూర్పు డెల్టాలో మండపేట చుట్టుపట్ల ఏ కాలువగట్టున నిలిచి చూచినను వరిచేలే కనబడును. అట్టి చేలనడుమ నున్న గ్రామములలో ఎత్తైన ప్రహరీ, విశాలమైన సింహద్వారము, డంగుసున్నముతో కట్టిన లావుగోడలు, టేకుస్తంభముల చావడి గల పాతభవనములు అక్కడక్కడ కలవు. వానిని జనులు నేటికిని దివాణములనియే పిలుతురు. దివాణమనగా జమీందారు నివసించిన మేడ మాత్రమే కాదు. రైతు శిస్తు చెల్లించినదియు, గడువు వేడుకొన్నదియు, తగవు చెప్పుకొన్నదియు అచ్చటనే. జమీందారీల రద్దునకు చట్టము వచ్చి ముప్పాతిక శతాబ్దము దాటినది. ఇక ఈ భవనముల నేమి చేయవలెను? కూల్చి ఇండ్లస్థలములుగా అమ్ముటయా? తాళమువేసి పాడుపెట్టుటయా? గతవైభవమునకు గుర్తుగా నిలిపి మురియుటయా? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు ముందు, అవి యెవరి ధనముతో నిలిచెనో తెలిసికొనవలెను.

ఈస్టిండియా కంపెనీవారు ఉత్తరసర్కారులను వశపరచుకొన్నపిమ్మట జమీందారులు వారికి పేష్కస్ అను కప్పము చెల్లింపవలసి వచ్చెను. ఆ బాకీ విషయమున కలహము ముదిరి, 1794లో విజయనగర ప్రభువు విజయరామరాజు పద్మనాభమువద్ద కంపెనీ సేనలతో పోరి ప్రాణములు విడిచెను. 1802లో కంపెనీవారు మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు పద్ధతిని ప్రవేశపెట్టిరి. జమీందారు చెల్లింపవలసిన పేష్కస్ మారదు. గడువునకు చెల్లింపనిచో ఎస్టేటు వేలమునకు పోవును. వర్షములు కురిసినను కురియకున్నను కంపెనీకి సొమ్ము చేరవలెను. ఆ భారమంతయు తుదకు నాగలి పట్టినవానిపైననే పడెను. రాజమహేంద్రవర మండలము ఎంత క్షీణించెనో 1844లో హెన్రీ మౌంట్‌గోమరీ వ్రాసిన నివేదిక తెలుపుచున్నది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్టపని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. కాలువలలో నీరు పారెను, పంటలు పెరిగెను. కాలువలు త్రవ్వినవి కూలివాని పలుగుపారలు. పంట పండించినది రైతు. దివాణపు గోడలలో వారి చెమటయు కలసియున్నది.

ఇట్టి కథ తెలుగునాటికే పరిమితమైనది కాదు. ఇంగ్లండుపల్లెలలోను పెద్ద ప్రభుభవనములు, వానిచుట్టు తోటలు, ఆ తోటలకావల కౌలురైతుల పొలములు ఉండెడివి. అందొకదానికి తెలుగునాటితో సంబంధము కలదు. 1778లో మద్రాసు గవర్నరైన సర్ థామస్ రంబోల్డు, అధికారులు సర్కారులకు పోయి విచారించు ఏర్పాటును మాన్పించి, జమీందారులనే మద్రాసునకు రమ్మని ఆజ్ఞాపించెను. విజయనగర జమీందారీ వ్యవహారములలో ఆయన ధనము గ్రహించెనని నిందలు పుట్టెను. కంపెనీ ఆయనను పదవినుండి తొలగించెను. పార్లమెంటులో విచారణ సాగెను గాని నేరము స్థాపింపబడలేదు. ఆ కాలముననే ఆయన హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్కు అను మహాభవనమును కట్టించెను. 1930 దశకమునుండి ఆ భవనములో ఒక పాఠశాల నడచుచున్నది! ప్రభువుల విందులకై కట్టిన సౌధమున బాలబాలికలు పాఠములు వల్లించుచున్నారు. కాలము చేయు తీర్పులలో ఇట్టి మంచి తీర్పులును కలవు.

తెలుగునాట ఆ తీర్పు ఆలస్యముగా వచ్చెను. 1908లో వచ్చిన ఎస్టేటు భూముల చట్టము రైతునకు సాగుహక్కు నిచ్చినను శిస్తుబాధ తీరలేదు. 1937-38లో ఇచ్ఛాపురమునుండి మద్రాసువరకు రైతులు కాలినడకను యాత్ర సాగించిరి. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతను నియమింపబడిన సంఘము 1938లో రైతుపక్షమున నివేదిక సమర్పించెను. తుదకు 1948లో మద్రాసు ప్రభుత్వము ఎస్టేటుల రద్దు చట్టమును చేసెను. జమీందారులకు పరిహారము ప్రజల ఖజానానుండియే లభించెను. చిన్న ఎస్టేటులకు వార్షికాదాయముగా లెక్కించిన మొత్తమునకు ముప్పది రెట్లవరకును, మిక్కిలి పెద్దవానికి పన్నెండున్నర రెట్లును నిర్ణయింపబడెను. శిస్తు పోయినపిమ్మట అంతటి భవనములను పోషించుట పెక్కు కుటుంబములకు భారమయ్యెను. పైకప్పున మొలచిన రావిమొక్కను పెరికించు దిక్కు లేక ఎన్ని చావడులు కూలెనో!

కాని వేరుమార్గము పట్టినవారును కలరు. విజయనగర వంశీయుడు పి. వి. జి. రాజు 1958లో తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేర మాన్సాస్ అను విద్యాసంస్థను నెలకొల్పి, 1713లో పునాది పడిన కోటను విద్యకు సమర్పించెను. ఫిరంగులకై కట్టిన గోడలనడుమ బాలికలు పుస్తకములు చేతబట్టి నడచిరి. ఆ నగరముననే 1919లో రాజాదరమున వెలసిన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడయ్యెను. అనంతరకాలమున ఘంటసాల వేంకటేశ్వరరావు అచ్చటనే సంగీతము నభ్యసించెను. నేడది ప్రభుత్వ కళాశాల. మండపేటకు సమీపమున, గౌతమీతీరమందలి కపిలేశ్వరపురములో జమీందారీ కుటుంబమువారు సర్వారాయ హరికథా పాఠశాలను స్థాపించిరి. నారాయణదాసు విద్య అచ్చట గురుకులపద్ధతిని నేర్పబడినది. ఒకనాడు రాజసభలలో ఆదరము పొందిన కళను సామాన్యుల ఇండ్లపిల్లలు చిడతలు పట్టి నేర్చిరి. దివాణపు ధనము ఊరికి తిరిగివచ్చుట యనగా నిదియే.

"రైతును పీడించిన గుర్తులను నిలుపనేల? పడగొట్టుటయే న్యాయము" అని కొందరందురు. వారి బాధ సత్యమైనదే. తాతలు ఆ గడపకడ చేతులు కట్టుకొని నిలిచిన వృత్తాంతము మనుమలు మరువజాలరు. అయినను గోడ కూల్చినంతమాత్రమున అన్యాయము తుడిచివేయబడదు. దాని సాక్ష్యము మాత్రము నశించును. స్థలము కొన్న వ్యాపారికి లాభము; రైతు మనుమనికి లాభమేమి? మరికొందరు, "వంశగౌరవము చెడకుండ ఉన్నదున్నట్లు నిలుపవలె"నందురు. వాడుకలేని ఇల్లు ఎంత గొప్పదైనను చెదపురుగులకును గబ్బిలములకును సొత్తగును. నిత్యము మనుష్యుడు మసలు ఇంటికే మరమ్మతు జరుగును. కావున ఈ రెండు మార్గములకంటె, ఆ ఇంటిని ఊరి పనికి వినియోగించు మార్గమే మేలు. పాఠశాల కావచ్చును, గ్రంథాలయము కావచ్చును, వైద్యశాల కావచ్చును. యజమానులు బలవంతపెట్టబడరాదు. ఇచ్చుటకు మనసుండి పోషించుటకు శక్తిలేని వారికి ప్రభుత్వమును గ్రామమును తోడు నిలువవలెను. మరమ్మతునందును జ్ఞానము కావలెను. పాత సున్నపుగోడపై సిమెంటు పూసినచో లోని చెమ్మ బయటికి పోలేక గోడ చెడును.

అంతటితో కర్తవ్యము తీరదు, కథయంతయు చెప్పవలెను. ఇంగ్లండులో 1895లో స్థాపింపబడిన నేషనల్ ట్రస్టు అను సంస్థ పెక్కు ప్రభుభవనములను కాపాడుచున్నది. 2020లో ఆ సంస్థయే, తన ఆధీనమందలి 93 స్థలములకు వలసరాజ్యములతోను బానిసవ్యాపారముతోను గల సంబంధములను వెల్లడించుచు నివేదిక ప్రకటించెను. కొందరు కోపగించిరి. కాని సత్యము చెప్పుటవలన ఆ భవనముల అందము తరిగిపోలేదు. చూచువారి జ్ఞానము పెరిగెను. తెలుగునాటి దివాణములలోను దాతల చిత్తరువులప్రక్కన శిస్తులెక్కల దఫ్తరములకును చోటుండవలెను. కట్టించినవారి పేరు శిలపై నున్నచో, మోసినవారి మాట ఫలకముపై నుండవలెను.

విద్యకై దానము చేసినవానికి నమస్కరించుట ధర్మము. ఆ దానమునకు మూలధనము సమకూర్చిన రైతును, కూలిని తలచుకొనుటయు ధర్మమే. ఒకనాడు తలవంచి ప్రవేశించిన గడపను వారి సంతతివారు తలయెత్తి దాటి, చావడిలో కూర్చుండి చదువుకొన్ననాడే దివాణము నిజముగా ఊరిదగును.